రిషీకేశ్‌లో క్యాంపు, రాఫ్టింగ్ కలిపిన ప్యాకేజీ తీసుకోవచ్చా?

మీ ప్రశ్న ఇదీ: కొండాపూర్ నుంచి అయిదుగురు బయల్దేరుతున్నారు. అమ్మానాన్నలకు అరవై దాటాయి, బాబుకు పదకొండేళ్లు, మీ ఇద్దరికీ ఈత రాదు. ‘గంగ ఒడ్డున టెంట్’, రాఫ్టింగ్ కలిపి ఒకే ధరకు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా అని.

నేనైతే తీసుకోను. బస వేరుగా, రాఫ్టింగ్ వేరుగా మాట్లాడుకోండి. నది అందరికీ ఒక్కటే, గైడ్ మంచివాడైతే చాలు. రాత్రి ఎక్కడ పడుకుంటామన్న దాన్ని బట్టే ట్రిప్పు బాగుండటమో, చెడటమో ఉంటుంది. ప్యాకేజీలో సరిగ్గా అదే మన చేతిలో ఉండదు.

తెల్లటి ఇసుక, దాని మీద వరసగా టెంట్లు, ఎదురుగా గంగ అని చూపించే ఫొటోలను అంతగా నమ్మకండి. 2015 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ నది ఎగువనున్న కౌడియాలా నుంచి రిషీకేశ్ దాకా నది ఒడ్డు క్యాంపులను ఆపేయమంది. తర్వాత కొంత సడలించినా నీటి అంచున టెంటు వేసుకునే రోజులు పోయాయి. ఇప్పుడు క్యాంపులు కొన్ని బద్రీనాథ్ హైవే పక్కన శివపురి, బ్యాసీ వైపు కొండవాలు మీద ఉంటాయి. ఇంకొన్ని నీలకంఠ్ దారిలో ఘట్టూఘాట్, మోహన్‌చట్టీ దగ్గర హ్యూల్ అనే చిన్న ఏటి పక్కన ఉంటాయి. ‘రివర్ వ్యూ’ అన్నది ఈ ఏరు కూడా కావచ్చు.

హైవే వైపు మేం దిగిన ఒక క్యాంపులో గంగ కనిపించిన మాట నిజమే, టెంటు వెనక్కి వెళ్లి మెడ చాచి చూస్తే. మధ్యలో రోడ్డు. రాత్రంతా లారీలు గేర్లు మార్చుకుంటూ ఘాట్ రోడ్డు ఎక్కుతూనే ఉన్నాయి. దానికి తోడు పక్కవాళ్ల డీజే. మేనేజర్‌ను అడిగితే ‘వీకెండ్ కదా సార్’ అన్నాడు. హైదరాబాద్‌లో ఫంక్షన్ హాల్ పక్కన ఉండేవాళ్లకు అలవాటే గానీ, దానికోసం అంత దూరం పోనక్కర్లేదు కదా!

హ్యూల్ వైపు సంగతి వేరు. అక్కడిది నిజంగా అడవే, రాజాజీ టైగర్ రిజర్వ్ దగ్గర్లోనే. చీకటి పడ్డాక వంటవాడు మిగిలిన తిండి బయట పడేయనివ్వలేదు, క్యాంపు కుక్కను లోపలికి తెచ్చి కట్టేశాడు. చిరుతలు తిరుగుతాయట. ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. పొద్దున బకెట్‌తో వేడినీళ్లు తెచ్చి గుమ్మంలో పెట్టారు. నాకు బాగా నచ్చింది. కానీ టెంటు నుంచి బాత్రూమ్‌కు ఎగుడుదిగుడు రాళ్ల మెట్లే దారి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను రాత్రిపూట అక్కడ నడిపించడం నాకైతే ధైర్యం చాలదు. అమ్మానాన్నలకు రిషీకేశ్ ఊళ్లోనే గది చూడండి. టీటీడీ వారి ఆంధ్ర ఆశ్రమం ఉంది, వేంకటేశ్వరస్వామి గుడి కూడా అక్కడే. గది సంగతి ముందే కనుక్కోండి. సాయంత్రం త్రివేణీ ఘాట్ హారతి వాళ్లకు టెంటు కన్నా నచ్చుతుంది. క్యాంపులో మీరు ఒక రాత్రి ఉంటే చాలు.

ఇక రాఫ్టింగ్. బాబుకు కుదరదు, అక్కడి నిబంధనల ప్రకారం 14 ఏళ్లు నిండాలి. ‘మేం చూసుకుంటాం లెండి’ అనేవాడు దొరుకుతాడు. వాడి పడవ మీరు కూడా ఎక్కకండి.

మీకు ఈత రాకపోయినా పర్వాలేదు. బ్రహ్మపురి నుంచి రిషీకేశ్ దాకా 9 కిలోమీటర్లు తేలిక. శివపురి నుంచి 16 కిలోమీటర్లలో రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్ అనే ర్యాపిడ్లు (నీళ్లు రాళ్ల మీద ఎగసిపడే ఉరవడి చోట్లు) వస్తాయి, మొదటిసారికి ఇదే సరిపోతుంది. ఇంకా పైన మెరైన్ డ్రైవ్ అనే చోటు నుంచి వస్తే జనం తక్కువ, కొండలు దగ్గరగా ఉంటాయి, మళ్లీ వెళ్తే అది చేయండి. కౌడియాలా నుంచి మొత్తం 36 కిలోమీటర్లు, దారిలో ‘ది వాల్’ అనే భీకరమైన ర్యాపిడ్ ఉంటుంది, దాని జోలికి ఇప్పుడు వద్దు.

లైఫ్ జాకెట్ వేసుకున్నాక దాని భుజాలు పట్టుకుని పైకి లాగమని పక్కవాళ్లకు చెప్పండి. చెవుల దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టు, పట్టీలు బిగించాలి. హడావిడి గైడ్లు ఇది చూడరు. ప్యాడిల్ (చేతి తెడ్డు) పైచివర ఉన్న అడ్డపిడిని చేత్తో మూసి పట్టుకోవాలి, వదిలితే అది పక్కవాళ్ల పళ్లకే తగులుతుంది. ర్యాపిడ్‌లో పడవ ముక్కు కిందికి దిగి, మరుక్షణం ఎదురుగా నీళ్లు గోడలా లేస్తాయి. అందరూ అప్పుడే ప్యాడిల్ వేయడం ఆపేసి కేకలేస్తారు. ఆపకూడదు, పడవకు వేగం లేకపోతే గైడ్ దాన్ని మళ్లించలేడు. నీళ్లలో పడితే వెల్లకిలా తేలండి, కాళ్లు ప్రవాహం పోయే వైపు పెట్టి, వేళ్లు నీటి పైకి కనిపించేలా. లోతు తక్కువగా అనిపించినా నిలబడొద్దు, రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు తోసేస్తుంది.

అది మంచు కరిగి వచ్చే నీరు, మే ఎండలో కూడా వేళ్లు కొంకర్లు పోతాయి. జీన్స్, హవాయి చెప్పులు వద్దు. వెనక పట్టీ ఉన్న శాండిల్స్ వేసుకోండి, కళ్లజోడుకు తాడు కట్టుకోండి.

జూలై, ఆగస్టుల్లో రాఫ్టింగ్ ఉండదు. అక్టోబరు లేదా మార్చి మంచిది. మే, జూన్ శని ఆదివారాల్లో రిషీకేశ్ పక్కనే ఉన్న తపోవన్ దగ్గర ట్రాఫిక్‌లోనే సగం రోజు పోతుంది కాబట్టి వారం మధ్యలో పెట్టుకోండి. శంషాబాద్ నుంచి నేరుగా డెహ్రాడూన్ విమానం దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా అదే ఎక్కండి. ఆ ఎయిర్‌పోర్ట్ జాలీ గ్రాంట్‌లో ఉంది, అక్కడి నుంచి రిషీకేశ్ దాదాపు 20 కిలోమీటర్లే. ఢిల్లీలో దిగితే రోడ్డు మీద 240 దాకా పోవాలి, పెద్దవాళ్లతో అది నరకం.

క్యాంపుకు డబ్బు కట్టేముందు మ్యాప్‌లో లొకేషన్ పంపమనండి. శాటిలైట్ వ్యూలో టెంట్లకూ హైవేకూ మధ్య ఎంత దూరం ఉందో చూసి, అప్పుడు బేరం మొదలుపెట్టండి.