అమెరికా దక్షిణాది హిప్‌హాప్‌లో మొదటి నుంచి చివరి దాకా ఒకే భావంతో అల్లిన ఆల్బమ్ ఏది?

నన్నడిగితే అట్లాంటాకు చెందిన అవుట్‌కాస్ట్ అనే ర్యాపర్ల జంట 1998 సెప్టెంబరు 29న విడుదల చేసిన ‘అక్వెమినై’ పేరే చెబుతాను. అయితే ఒక కథానాయకుడు, అతని కథ అనే పద్ధతిలో ఇది నడవదు. ఈ ఇద్దరిలో బిగ్ బాయ్‌ది కుంభరాశి (అక్వేరియస్), ఆండ్రే 3000ది మిథునరాశి (జెమినై). ఆ రెండింటి ఇంగ్లీషు పేర్లను కలిపి ఆల్బమ్‌కు పేరు పెట్టారు. మొదటివాడు వీధిని, కార్లను, విలాసాన్ని వదలని మనిషి. రెండోవాడు అప్పటికే మందూ మాంసమూ మానేసి, తలపాగా చుట్టి, నలుగురి నోళ్లలో నానుతున్న మనిషి. లోకంలో ఏదీ శాశ్వతం కాదని ఒప్పుకుంటూనే, తెర పడేదాకా మేమిద్దరం కలిసే ఉంటామని ఆల్బమ్ పేరే పెట్టిన పాట పల్లవిలో చెబుతారు. మిగిలిన పాటలన్నీ ఆ మాట చుట్టూనే తిరుగుతాయి.

నేను అట్లాంటాలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆ పక్క ఊరు ఈస్ట్ పాయింట్‌లో పెరిగిన ఒక సహోద్యోగి నన్ను తన కారులో ఎక్కించుకునేవారు. ఆ కారులో ఈ ఆల్బమ్ మోగుతున్నప్పుడు పాట దాటవేయడం నిషిద్ధం. ఏడు నిమిషాలకు పైగా సాగే ‘స్పాటీ ఆటీ డోపలిషస్’లో బాకాల వరుస వచ్చినప్పుడల్లా ఆయన మాట్లాడుతున్న మాట ఆపేసేవారు. నిదానంగా వచ్చే ఆ వరుస వింటే ఊరేగింపు దూరం నుంచి మన వీధి మలుపు తిరిగినట్లుంటుంది. పాటలో క్లబ్బులో గొడవ ఉంది, పరిచయం ఉంది, బిడ్డ పుట్టడం ఉంది. ఆ తర్వాత, మూత్ర పరీక్షలో మత్తు బయటపడినందుకు పోస్టాఫీసు ఉద్యోగం చేజారడమూ ఉంది. ప్రేమకథను అంత మామూలు చోటికి తెచ్చి నిలబెట్టిన పాట నేను మరొకటి వినలేదు.

తయారీ విషయానికి వస్తే, మొదటి ఆల్బమ్ నాటికి వీరిని తీర్చిదిద్దింది ఆర్గనైజ్డ్ నాయిజ్ అనే సంగీత బృందం. ‘అక్వెమినై’ నాటికి ఎక్కువ పాటలకు సంగీతం తామే కట్టుకున్నారు. పాత రికార్డుల ముక్కలు అతికించడం మీదే ఆధారపడకుండా, బేస్, గిటార్, కీబోర్డు, బాకాలు వాయించేవారిని స్టూడియోకు పిలిపించి, వాళ్లు వాయిస్తూ పోతుంటే పాటలు పెరిగాయి. సోల్, ఫంక్, చర్చి సంగీతాల వాసన ఇంతగా రావడానికి నా దృష్టిలో అదే కారణం. ‘రోజా పార్క్స్’ మధ్యలో చప్పట్లతో కలిసి వచ్చే మౌత్ ఆర్గాన్‌ను వాయించింది ఆండ్రే మారుటి తండ్రి, పాస్టర్ రాబర్ట్ హోడో.

సాషా అనే బాల్యస్నేహితురాలి కథ చెప్పే పాట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే ఆ పిల్ల ఇచ్చే జవాబు, బతికి ఉంటే చాలునని. కొంతకాలానికి ఆమె మత్తు సూదితో శవమై దొరుకుతుంది. ఆండ్రే ఈ సంగతిని గొంతు పెంచకుండా, రోజువారీ కబురు చెప్పినట్లు చెబుతాడు. ఇదే ఆల్బమ్‌లోని ‘మామసీటా’ పాట మాత్రం ఈ స్థాయికి తూగదని నా అభిప్రాయం.

ఆదరణకు ఒక పూర్వరంగం ఉంది. 1995లో న్యూయార్క్‌లో ‘ది సోర్స్’ అనే హిప్‌హాప్ పత్రిక అవార్డుల సభలో కొత్త బృందంగా బహుమతి అందుకోవడానికి వెళ్లిన వీరిని జనం గేలి చేశారు. దక్షిణాదికి చెప్పవలసింది ఉందని ఆండ్రే అక్కడే సమాధానమిచ్చాడు. ఆనాటి ఆ శబ్దాన్నే ఈ ఆల్బమ్ చివరి పాట ‘చాంకీఫైర్’ ముగింపులో అతికించారు. అదే పత్రిక ఈ ఆల్బమ్‌కు అత్యున్నతమైన అయిదు మైకుల రేటింగు ఇచ్చింది. అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ జాబితాలో రెండో స్థానం దక్కింది, ఏడాది తిరగకుండానే ఇరవై లక్షల ప్రతులకు ఇచ్చే డబుల్ ప్లాటినం గుర్తింపు వచ్చింది.

చిక్కు కూడా వచ్చింది. పాటకు తన పేరు వాడుకున్నారంటూ, బస్సులో తెల్లవారికి సీటు వదలనని నిలిచిన పౌరహక్కుల ఉద్యమకారిణి రోజా పార్క్స్ తరఫున 1999లో వేసిన దావా 2005లో రాజీతో ముగిసింది. ‘రోజా పార్క్స్’ పాట ఆమె గురించి కాదు. పోటీ ర్యాపర్లను బస్సు వెనక సీట్లకు పొమ్మనే సవాలు అది. పాట నాకెంత ఇష్టమైనా, ఆమెకు కలిగిన అభ్యంతరం అర్థం చేసుకోదగినదే.