తొమ్మిదో తరగతి పిల్లాడికి యానిమేషన్ ఎలా మొదలుపెట్టించాలి?

అక్కా, మీ బాబు యానిమేషన్ నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడు, లక్ష పెట్టి ల్యాప్‌టాప్ కొనాలా, కోర్సులో చేర్పించాలా, చదువు పాడవుతుందా అని అడిగారు. నేను హన్మకొండలో సర్కారు బడిలో చదువుకుని, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో యానిమేటర్‌గా చేస్తున్నాను. నా మాట వింటే ఇప్పుడే ల్యాప్‌టాప్ కొనకండి. కోర్సుకు డబ్బు అసలే కట్టకండి.

నేను కూడా తొమ్మిదిలోనే మొదలుపెట్టాను. లాంగ్ నోట్‌బుక్ మూలన పేజీకో బంతి గీసి, బొటనవేలితో గబగబా వదిలితే బంతి ఎగిరేది. కానీ బంతిలా కాదు, బెలూన్‌లా తేలేది. ఎందుకో తెలియక వారం రోజులు తిప్పలు పడ్డాను. చివరికి మా డ్రాయింగ్ సార్ రబ్బరు బంతి ఒకటి తెచ్చి వరండాలో ఎగరేస్తూ, "పైన ఎంతసేపు ఉంటుందో చూడు, కిందికి ఎంత జోరుగా వస్తుందో చూడు" అన్నారు. నేనేమో అన్ని బొమ్మలూ సమాన దూరంలో వేసుకుంటూ పోయాను. పైకి వెళ్లేకొద్దీ బొమ్మలు దగ్గరదగ్గరగా, కిందికి వచ్చేకొద్దీ దూరదూరంగా పడాలి. నేలను తాకే ఆ ఒక్క బొమ్మలో బంతి కాస్త నొక్కుకుపోవాలి. అలా మళ్లీ గీస్తే బంతికి బరువు వచ్చింది! ఆ రోజు పొంగిపోయాను. ఎంతసేపట్లో కదలాలి (టైమింగ్), బొమ్మకూ బొమ్మకూ ఎంత దూరం ఉండాలి (స్పేసింగ్) అంటే ఇదే. ఇప్పటికీ మా దగ్గర కొత్తగా చేరినవాళ్లకు మొదటి పని బంతే.

సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, అంటే తెర మీద వరసగా మారే 24 చిత్రాలు. చేత్తో గీసేటప్పుడు ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు ఉంచితే సెకనుకు 12 చాలు. పది సెకన్లకు 120 బొమ్మలు. ఒక నోట్‌బుక్‌లో పట్టేస్తాయి.

పదో తరగతి దసరా సెలవుల్లో పద్మాక్షి గుట్ట దగ్గర అమ్మ, చిన్నమ్మ వాళ్లు బతుకమ్మ ఆడుతుంటే బాపు ఫోన్‌లో వీడియో తీశాను. ఇంటికొచ్చి ఆపి ఆపి చూస్తే అప్పటిదాకా కళ్లముందే ఉన్నా కనపడనివి కనపడ్డాయి. చప్పట్లకు ముందు చేతులు పక్కలకు విచ్చుకుంటాయి. వంగేటప్పుడు ముందు నడుము కదులుతుంది, తర్వాత భుజాలు, ఆ తర్వాత చేతులు. మనిషి ఆగిపోయినా కొంగు, జడ ఇంకాస్త ముందుకు ఊగి అప్పుడు ఆగుతాయి. ఒక అడుగు, ఒక చప్పట్లు కలిపి 12 బొమ్మలు గీశాను. అవే మళ్లీ మళ్లీ తిప్పితే అమ్మ ఆగకుండా ఆడుతూనే ఉంది. సెలవులన్నీ దానికే పోయాయి, కానీ ఈ పని వదలకూడదని అప్పుడే అనిపించింది.

కథ చెప్పడం కోసం చేర్యాల పటం ఒకటి చూపించండి. వెనక ఎర్ర రంగు వేసి, దాని మీద ఒకదాని తర్వాత ఒకటిగా గళ్లలో కథ నడుస్తుంది, పటం విప్పుతూ కథకులు చెప్పేవారు. యానిమేషన్ మొదలుపెట్టే ముందు కథను ఇలాగే గళ్లలో గీసుకుంటాం, మేం స్టోరీబోర్డ్ అనేది కూడా అదే పద్ధతి.

సాఫ్ట్‌వేర్ సంగతికొస్తే పెన్సిల్‌టూడీ, క్రిటా, బ్లెండర్ మూడూ ఉచితమే. పెన్సిల్‌టూడీ పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది. బ్లెండర్ త్రీడీ బొమ్మలకు, దానికి కంప్యూటర్‌లో కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలి, దానికి తొందర లేదు. ఫోన్ ఉంటే మట్టి బొమ్మల్ని కొంచెం కొంచెం జరుపుతూ ఫొటోలు తీసి స్టాప్‌మోషన్ చేయొచ్చు.

కోర్సు ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్తాను. ఇంటర్ అయ్యాక సెలవుల్లో బాపు అప్పు చేసి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ముప్పై వేలు కట్టారు. ఆరు నెలలు ఏ బటన్ ఎక్కడుందో చెప్పారు తప్ప నా బొమ్మ కదలిక ఒక్కసారి కూడా చూసి తప్పు దిద్దలేదు. ఆ అప్పు తీరడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పటికీ బాధేస్తుంది.

చదువు గురించి టెన్షన్ పడకండి, కానీ వదిలేయనివ్వకండి కూడా. అహ్మదాబాద్‌లోని డిజైన్ కాలేజీ ఎన్‌ఐడీ ప్రవేశ పరీక్షకైనా, ఐఐటీ బాంబే పెట్టే డిజైన్ ప్రవేశ పరీక్ష యూసీడ్‌కైనా ఇంటర్‌లో ఏ గ్రూప్ అయినా సరే. హైదరాబాద్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో యానిమేషన్‌లో బీఎఫ్‌ఏ డిగ్రీ ఉంది. ఈ పరీక్షల్లో చూసేది బొమ్మ గీయడం, గమనించడం, ఆలోచించడం. తొమ్మిదో తరగతి ఫిజిక్స్‌లో చలనం పాఠం ఉంటుంది కదా, బంతి గీస్తూ చదివితే అది వాడికి ఊరికే ఎక్కుతుంది.

ఈ ఆదివారం ఒక నోట్‌బుక్, రబ్బరు బంతి చేతికివ్వండి. బాబు గీసింది తిప్పుతూ వీడియో తీసి పెట్టండి అక్కా, ఏ పేజీ దగ్గర తడబడిందో చూసి చెప్తాను.