శిక్షణ ఇచ్చినా వాడిన సూదికి మూత పెట్టే అలవాటు ఎందుకు పోవడం లేదు?

రాయగడ ఆసుపత్రిలో పనిచేస్తున్న మీరు, ఎన్నిసార్లు శిక్షణ ఇచ్చినా నర్సులు వాడిన సూదికి మళ్ళీ మూత పెడుతూనే ఉన్నారనీ, ఈ విషయంలో ఇన్‌ఛార్జి సిస్టర్ చేయగలిగింది ఏమైనా ఉందా అనీ అడిగారు. పర్లాకిమిడి ప్రాంతంలో ఏళ్ల తరబడి స్టాఫ్ నర్సుగా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, చాలా ఉంది.

నేను మొదట పనిచేసిన వార్డులో అలా మూత పెట్టబోయి ఎవరికైనా సూది గుచ్చుకుంటే "చూసుకోకుండా ఏం చేస్తున్నావు?" అన్నదే ఇన్‌ఛార్జి నోట వచ్చే మొదటి మాట. అందుచేత కొత్తగా చేరిన అమ్మాయిలు వేలికి దూది చుట్టుకుని, ఎవరికీ చెప్పకుండా డ్యూటీ ముగించుకుని వెళ్ళిపోయేవారు. రోగికి హెచ్‌ఐవీ ఉన్నట్లయితే నివారణ మందును వీలైతే 2 గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. తిట్లకు భయపడి దాచిపెడితే ఆ గడువు కాస్తా చేజారిపోతుంది.

తరువాత వచ్చిన ఇన్‌ఛార్జి ఒడియా ఆవిడ, మాతో వచ్చీరాని తెలుగులోనే మాట్లాడేవారు. ఆవిడ మొదట అడిగేది "సబ్బుతో కడిగావా? ఏ బెడ్ పేషెంటు?" అని. కేసు షీటు తానే తెప్పించి, డాక్టరుకు తానే ఫోన్ చేసి, ఆ నర్సు చికిత్స సంగతి తేలేవరకు ఆమె పనిని ఇంకొకరికి అప్పగించేవారు. అప్పటివరకు హబ్ కట్టర్, అంటే వాడిన సూదిని సిరంజి నుంచి కత్తిరించే పరికరం, మందుల గదిలో ఒక మూల ఉండేది. బెడ్ దగ్గర నుంచి అంతదూరం సూదిని పట్టుకెళ్ళాలంటే ఎవరైనా మూత పెట్టకుండా ఎలా ఉంటారు? ఆవిడ దాన్ని ఇంజెక్షన్ ట్రాలీ మీదికి మార్పించారు, వాడిన సూదుల కోసం 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాలు చెప్పిన తెల్లని గట్టి డబ్బాను పక్కనే పెట్టించి, ముప్పావు వంతు నిండగానే మార్పించేవారు. మూత పెట్టవలసిన అవసరం పోయాక అలవాటూ తగ్గుతూ వచ్చింది. ఎంత రద్దీగా ఉన్నా గ్లోవ్స్ లేకుండా ఆవిడ రక్తం తీసేవారు కాదు, జూనియర్లు అది చూసే నేర్చుకున్నారు.

గ్లోవ్స్ కొనకుండా, రాత్రిపూట వార్డంతా ఇద్దరి మీద వదిలేసి, జాగ్రత్త మాత్రం నర్సులదే అనడం అన్యాయం. సరుకు కోసం మేట్రన్ దగ్గర, సూపరింటెండెంటు దగ్గర పట్టుబట్టడం కూడా ఇన్‌ఛార్జి పనే.

సూదిపోటుతో సోకగల కాలేయ వ్యాధి హెపటైటిస్-బికి మీ వార్డులో టీకా 3 డోసులూ ఎవరెవరికి పూర్తయ్యాయో జాబితా రాయించమని ముందుగా అడగండి. రక్షణ వచ్చిందో లేదో తెలిపే యాంటీ-హెచ్‌బీఎస్ పరీక్షను చివరి డోసు తరువాత ఒకటి రెండు నెలలకు చేయించాలి. కాంట్రాక్టు నర్సులనూ, వ్యర్థాలు మోసే అటెండర్లనూ ఆ జాబితాలో తప్పకుండా చేర్పించండి.