బెడ్రూం కబోర్డుల డ్రాలు ఎన్ని పెట్టియ్యాలె, ఎంతెంత ఎత్తు?

చెల్లె, నువ్వడిగింది ఏందంటే ఎనిమిది అడుగుల గోడకు కిందికెల్లి స్లాబు దాకా కబోర్డు చేపిస్తున్నరు, మేస్త్రి నాలుగు డ్రాలు చాలంటుండు, నీకేమో ఎనిమిది కావాలె, ఎవలి మాట వినాలె అని. మాది హన్మకొండ, నయీంనగర్ దిక్కు, పోయినేడు మా ఇంట్ల బెడ్రూంలకు చేపిచ్చినం కాబట్టి చెప్తున్న. నేనైతే నాలుగు, మహా అయితే ఐదు అంట. డ్రా అంటే సందులకు జాగ పోవుడే. 20 ఇంచుల వెడల్పు ఖానా ఉన్నదనుకో, డ్రా జరిగే ఇనుప పట్టీ, అంటే చానెల్‌కు అటు అరించు ఇటు అరించు తీసేస్తే డబ్బా 19 అయితది, 12 ఎంఎం ప్లై సైడ్లు పోతె లోపల మిగిలేది 18. పైన కింద సందు అలగ్. ఎనిమిది పెడితే ఎనిమిదిసార్లు గట్లనే పోతది, అదే జాగల అర్ర (షెల్ఫు) కొట్టిస్తే బట్టలు మస్తు పడ్తయి.

మేస్త్రికి కొలతలు ఇచ్చేముందు నీ బట్టలు మంచం మీద పోసి ఏది డ్రాలకు పోవాలె ఏది అర్రల ఉండాలె అని కుప్పలు చెయ్యి, ఆ కుప్పలకు టేపు పెట్టి చూడు. లోపలి బట్టలు, సాక్సులు, గాజులు, కాయితాలు వీటికి నాలుగైదు ఇంచుల లోతు చాలు, అంతకంటె లోతు పెడితే కిందయి కనవడయి. టీషర్టులు, నైటీలు, పిల్లల బట్టలు మడతపెట్టి నిలవెట్టుకుంటె ఏడెనిమిది ఇంచులు. చద్దర్లకు పది పైన కావాలె గని వాటిని అర్రల పెట్టుడే నయం, నిండ చద్దర్లున్న డ్రా గుంజుడు పెద్ద పని. కొత్తవాడ జంపఖానాలు గిట్ల ఉంటె అవి సజ్జ మీదికే. పట్టుచీరలు కూడ నేను డ్రాల పెట్ట, కాటన్ గుడ్డల చుట్టి అర్రల పెడ్త, అప్పుడప్పుడు తీసి మడత మార్చుడు అల్కగ అయితది.

ఇగ అసలు సంగతి డోర్లది, దీన్ని చానామంది అడగరు. నీకు బయటికి తెరిచే డోర్లా, జరిపేటివా? బయటికి తెరిచేటివైతే డోరు పూర్తిగ తెరిచినా దాని మందం, ఆటో కబ్జా (దానంతట అదే మూసుకునే కబ్జా) ఖానా లోపలికి కొంచెం వస్తయి, డ్రా గుంజంగనే వాటికి తాకుతది. మా మేస్త్రి ఖాళీ డబ్బకు డోరు బిగిచ్చి, పెన్సిలు ఆ మూలకు ఆనిచ్చి చూపెట్టిండు, డ్రా వచ్చే దారిల కబ్జా ఎట్ల అడ్డమున్నదో నా కండ్లకు కొట్టొచ్చినట్టు కనవడ్డది. అందుకే కబ్జా వచ్చే దిక్కు ఒక ఇంచున్నర పట్టీ కొట్టి, దాని మీద చానెల్ బిగిస్తరు. ఈ ముచ్చట ముందే అడుగు, ఎందుకంటె డ్రా వెడల్పు అంత తగ్గుతది, డబ్బాలు కోసినంక అంటే లాభం లేదు. 165 డిగ్రీలు తెరుచుకునే కబ్జాలు కూడ దొరుకుతయి, ధర ఎక్కువ. జరిపే డోర్లైతే ఇంకో లొల్లి, రెండు డోర్లు ఒకదాని మీద ఒకటి వచ్చే నడిమిట్ల డ్రాలు పెట్టిస్తే ఏ డోరు జరిపినా సగం మూసుకునే ఉంటది. మొత్తం డ్రాల వరస ఒక్క డోరు ఎనుకనే రావాలె. హ్యాండిళ్ళు కూడ బయటికి పొడుచుకొచ్చేటివి వద్దు, డోరు మూసుకోదు, పై అంచుకు చెయ్యి పట్టేటట్టు కట్ చేపిస్తే సరిపోతది.

ఎత్తు సంగతికొస్తే నీ ఛాతీ కంటె పైన డ్రా వద్దు, లోపల ఏమున్నదో కనవడది. అట్లనే మరీ నేలకు కూడ ఆనియ్యకు, కింద మూడు నాలుగు ఇంచుల పట్టీ ఇడిపిచ్చు, మన ఇండ్లల్ల బకెట్లతోని నీళ్ళు కొట్టి కడుగుతరు గద, ప్లై కిందికెల్లి ఉబ్బుతది. మా అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, వంగలేదు, అందుకే ఆమె బట్టలన్నీ నడుము ఎత్తుల ఉన్న డ్రాల పెట్టినం, పైనున్న చిన్నదాంట్ల మందులు, కండ్లద్దాలు. కింది డ్రా పిల్లలకు ఇచ్చినం, వాళ్ళెట్లనో కిందనే కూసుంటరు.

ప్లై అయితే 710 అని ముద్ర ఉన్నది మెరైన్, అంటే నీళ్ళకు ఆగేది, 303 ఎంఆర్ అనేది కొంచెం చెమ్మకే ఆగే మామూలు రకం. బాత్రూం గోడకు ఆనుకొని కబోర్డు వస్తె 710 కే పో, ముందు ఆ గోడ చెమ్మ ఆపిచ్చినంకనే పని మొదలువెట్టు, మూసి ఉండే డ్రాలల్ల వాసన తొందరగ పడ్తది. డ్రా అడుగుకు 6 ఎంఎం కొట్టేస్తరు, రెండడుగుల వెడల్పు డ్రాకు అది నడుమ కిందికి వంగుతది, 9 గాని 12 గాని అడుగు. చానెల్ పూర్తిగ బయటికొచ్చే టెలిస్కోపిక్‌దే తీసుకో, లేకుంటె ఎనుకమూల సామాను అట్లనే ఉండిపోతది. రెండడుగుల లోతు కబోర్డుకు 20 ఇంచుల చానెల్ పడ్తది, గోడ కోసి పాత కడప బండల అర్రల్ల పెట్టేదైతే లోతు చూసుకొని 14 ఓ 16 ఓ. అసొంటి పాత గోడలు గునియాల (మూలమట్టంల) ఉండయి, బండకే చానెల్ కొట్టొద్దు, అలగ్ ప్లై డబ్బ చేసి లోపలికి దోపాలె. సాఫ్ట్ క్లోజ్, అంటే చప్పుడు లేకుండ మెల్లగ మూసుకునుడు, షోకు, నేను పై రెండిటికే పెట్టిచ్చిన.

చదరపు అడుగు లెక్కల డ్రాలు, చానెళ్ళు కలిసినయా లేకుంటె ఒక్కోదానికి అలగ్ పైసలా అనేది కాయితం మీద రాపిచ్చుకో, చానెల్ కంపెనీ పేరు తోని సహా. మంచానికి కబోర్డుకు నడుమ ఎంత జాగ ఉన్నదో నువ్వు రాయలే. డ్రా గుంజితె 20 ఇంచులు బయటికొస్తది, దాని ముందు మనిషి నిలవడాలె గద, మూడడుగుల కంటె తక్కువుంటె మంచం జరిగేటట్టున్నదా లేదా ముందు చూసి చెప్పు.