సరుకు పోయేది చేతులు మారే చోట

విశాఖపట్నం

చి.సౌ. మేనకోడలికి,

మావయ్య దీవెనలు. అరకు కాఫీ పొడి, పసుపు, అనకాపల్లి బెల్లం, పలాస జీడిపప్పు ఇన్నాళ్ళూ ఇంట్లోనే ప్యాక్ చేసి అమ్మావు. ఇప్పుడు షెడ్డు అద్దెకి తీసుకుని హైదరాబాద్, విజయవాడ షాపులకి కూడా పంపుతానంటున్నావు. చాలా సంతోషం. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. సరుకు రోడ్డు మీద పోయేది తక్కువ, చేతులు మారే చోట పోయేదే ఎక్కువ. రైతు దగ్గర్నుంచి నీ షెడ్డుకి, షెడ్డు నుంచి చిన్న బండికి, బండి నుంచి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి, అక్కడ సరుకు ఎక్కించి దించే కళాసీల చేతికి, అక్కణ్ణుంచి షాపుకి. ఇలా చేయి మారిన ప్రతిచోటా లెక్క, సంతకం, సరుకు ఎలా ఉందో ఒక ముక్క రాత ఉండాలి. ఈ మూడూ లేకపోతే తప్పు ఎవరిదీ కాదు, నష్టం మాత్రం నీది.

మధురవాడా, గాజువాక ఆటోనగరా అని అడిగావు. ఊళ్ళో ఇళ్ళకి, షాపులకి ఎక్కువ పంపితే మధురవాడ మంచిదే. హైదరాబాద్, విజయవాడ సరుకే ఎక్కువైతే గాజువాక వైపు ఉండు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులు దగ్గర, హైవే ఎదురుగానే, ఊరు దాటే పని తప్పుతుంది. పెద్ద లారీలకి పగటిపూట ఊళ్ళోకి ఆంక్షలుంటాయి, వేళలు మారుతుంటాయి కూడా. శ్రీకాకుళం వైపు నుంచి సరుకు తెచ్చే లారీకి ఆనందపురం–పెందుర్తి–అనకాపల్లి రోడ్డు ఉంది కనక పెందుర్తి, సబ్బవరం పక్కల కూడా చూడు. అద్దె తక్కువని పోర్టు చుట్టుపక్కల మాత్రం తీసుకోకు. బొగ్గు, ఇనుప ఖనిజం పొడి గాల్లో తేలుతూ ఉంటుంది. తెల్ల కార్టన్ మీద పది రోజుల్లో నల్లటి పొర పడుతుంది, అలాంటి డబ్బాలో తినే వస్తువు వచ్చిందంటే షాపువాడు దించుకోడు. గెడ్డ (వాగు) పక్కనున్న షెడ్డు కూడా వద్దు, ఎంత ఎత్తుగా కనిపించినా సరే.

షెడ్డు చూడ్డానికి మిట్టమధ్యాహ్నం వెళ్ళు. లోపలికి వెళ్ళి షట్టర్ పూర్తిగా దించేసి, లైట్లు ఆర్పి, రెండు నిమిషాలు నిలబడు. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక పైకి చూడు. రేకుల్లో ఎక్కడెక్కడ చుక్కల్లా వెలుతురు కనిపిస్తే అక్కడల్లా వానొస్తే కారుతుంది. బోల్టుల దగ్గర వాషర్లు తుప్పు పట్టి చిన్న బెజ్జాలు పడతాయి, ఉప్పుగాలికి మన ఊళ్ళో ఇది మరీ తొందరగా జరుగుతుంది. చుక్కల కింద నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకో, అడ్వాన్సు ఇచ్చేముందు ఓనరు చేత అవన్నీ మూయించు. తర్వాత షట్టర్ కింద చూడు. చిటికెన వేలు దూరే సందు ఉంటే చిట్టెలుక దూరుతుంది. గచ్చు రోడ్డు కన్నా కనీసం రెండడుగులు ఎత్తుండాలి. లారీ తొట్టె ఎత్తుకి సమానంగా అరుగు కడితే ఇంకా మేలు, సుమారు నాలుగడుగులు. అరుగు లేనిచోట ప్రతి కార్టన్ ఒకసారి నేలకి దిగి మళ్ళీ పైకెక్కుతుంది. పగిలేవి అక్కడే పగులుతాయి.

అగ్రిమెంటు అయ్యాక ఆలస్యం చెయ్యకుండా జీఎస్టీ రిజిస్ట్రేషన్లో ఆ అడ్రసుని అదనపు వ్యాపార స్థలంగా చేర్పించు. ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రత లైసెన్సు కూడా ఇంటి అడ్రసుకి ఉన్నది షెడ్డుకి చెల్లదు, విడిగా తీసుకోవాలి.

ఇక నిల్వ. దీన్ని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నీ నాలుగు సరుకులూ ఒకదానికొకటి పడవు. కాఫీ పొడి పక్కనున్న వాసనంతా పీల్చుకుంటుంది. పసుపు పక్కన నెల రోజులుంటే కాఫీకి పసుపు వాసన పట్టేస్తుంది, తాగినవాడు ఒక్క గుక్కలో చెబుతాడు. రెంటికీ మధ్య పూర్తి అడ్డుగోడ కట్టించు, లేదా రెండు గదులు చెయ్యి. పసుపులో తేమ 10 శాతం దాటి ఉంటే బూజు పట్టక మానదు, కొనేటప్పుడే తేమ మీటరు పెట్టి చూడు. జీడిపప్పుకి పురుగు భయం, టిన్నులో కానీ గాలి తీసిన కవర్లో కానీ ఉండాలి.

బెల్లం అన్నిటికన్నా పేచీ. జూన్ నుంచి నవంబరు దాకా మన గాలిలో తేమకి బెల్లం చెమ్మగిల్లి, మెల్లగా కారడం మొదలుపెడుతుంది. ముందు కార్టన్ కింది మూల రంగు మారి ముదురు గోధుమరంగులోకి వస్తుంది. బొటనవేలితో నొక్కితే అట్ట మెత్తగా లోపలికి పోతుంది. ఆ మూల కనిపించిన రోజే ఆ కార్టన్ బయటికి తీసెయ్యి. వదిలేస్తే పాకం కింది కార్టన్లలోకి దిగి, చీమలు పట్టి, వరసంతా ఒరిగిపోతుంది. అందుకే బెల్లం మీద ఏదీ పెట్టకు, బెల్లాన్నీ దేని మీదా పెట్టకు. వానాకాలంలో రెండు వారాల అమ్మకానికి మించి నిల్వ ఉంచకు. తేమ చూపించే చిన్న డిజిటల్ మీటర్లు చవగ్గానే దొరుకుతాయి, గదికొకటి తగిలించు. 65 శాతం దాటిందంటే తలుపులు తెరిచి సముద్రపు గాలి లోపలికి రానివ్వకు. గాలి ఆడాలని తెరుస్తారు కానీ, తేమగా ఉన్న రోజున తెరిస్తే తేమే లోపలికి వస్తుంది.

బస్తాలు, కార్టన్లు దేన్నీ గచ్చు మీద నేరుగా పెట్టొద్దు. చెక్క పేలెట్లు, అంటే సరుకు పేర్చే బల్లలు వెయ్యి. గోడకి రెండడుగులు వదులు, మనిషి దూరి ఊడ్చేలా, ఎలుకల జాడ కనిపెట్టేలా. పేలెట్ కొలత 1200 మి.మీ. × 1000 మి.మీ. తీసుకుంటే, నీ కార్టన్ని 40×30×30 సెంటీమీటర్లకి చేయించుకో. అప్పుడు ఒక వరసకి సరిగ్గా 10 కార్టన్లు పడతాయి, అంచు బయటికి రాదు. అట్టపెట్టె బలమంతా దాని నాలుగు మూలల్లోనే ఉంటుంది. అంచు రెండు వేళ్ళు బయటికి వేలాడినా ఆ మూలకి కింద ఆసరా పోతుంది. కార్టన్లని ఇటుకల్లా అడ్డదిడ్డంగా పేర్చమంటారు కళాసీలు, పడకుండా ఉంటుందని. వద్దని చెప్పు. మూల మీద మూల వచ్చేలా నిలువుగా పేర్చి, పై వరసని మాత్రం అడ్డంగా వేసి, చుట్టూ ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టు. ఐదు వరసలు చాలు. కార్టన్ 12 కిలోలైతే అడుగునున్న దాని మీద 48 కిలోల బరువు పడుతుంది. ఎండాకాలంలో మోసిన అట్ట వానాకాలంలో మోయదు, తేమ తాగి మెత్తబడుతుంది. అందుకే మూడు పొరల అట్ట కాకుండా ఐదు పొరలది తీసుకో, వానల్లో ఒక వరస తగ్గించు.

ప్రతి పేలెట్ మీద వచ్చిన తేదీ, గడువు తేదీ పెద్దక్షరాలతో రాసి ఉండాలి. గడువు ముందున్నది ముందు పోవాలి, ముందొచ్చింది ముందు అని కాదు. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది నష్టపోతారు. ఒక్కోసారి ఆలస్యంగా వచ్చిన సరుకుకే గడువు దగ్గర్లో ఉంటుంది.

పురుగుమందు విషయం చేతులు జోడించి చెబుతున్నా. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు ఎవరో తెచ్చి బస్తాల మధ్య పడేస్తామంటే ఒప్పుకోకు. వాటిలోంచి వచ్చే గాలి మనిషిని చంపేస్తుంది. లైసెన్సున్న వాళ్ళే వచ్చి, మూసి, వాళ్ళే తెరిచి వెళ్ళాలి. ఆ రోజుల్లో వాచ్‌మన్ షెడ్డులో పడుకోకూడదు, షెడ్డుకి ఆనుకుని ఉన్న గదిలోనూ పడుకోకూడదు.

ఎంత నిల్వ పెట్టాలో అందాజాగా కాకుండా లెక్కగా చూసుకో. రోజుకి 12 కార్టన్ల కాఫీ పోతోంది, ఆర్డరు పెట్టాక సరుకు రావడానికి 5 రోజులు, ఘాట్ రోడ్డు మూసుకుంటేనో లారీ చెడిపోతేనో ఆదుకోవడానికి ఇంకో 3 రోజులు. మొత్తం 8 రోజులకి 96 కార్టన్లు. షెడ్డులో 96 మిగిలిన రోజున కొత్త ఆర్డరు పెట్టాలి, 20 మిగిలాక కాదు. అమ్మకం మారితే ఈ అంకె మారుతుంది, నెలకోసారి మళ్ళీ వేసుకో. స్టాక్ ఏడాదికోసారి మొత్తం లెక్కపెట్టడం కన్నా రోజూ నాలుగు పేలెట్లు లెక్కపెట్టి రిజిస్టర్తో పోల్చడం మేలు. తేడా వచ్చినా ఈ మధ్యే జరిగింది కనక ఎక్కడో దొరుకుతుంది.

ప్యాకింగ్ సరిపోయిందో లేదో లారీ ఎక్కించి తెలుసుకోవద్దు. నింపిన కార్టన్ని రెండడుగుల ఎత్తు నుంచి గచ్చు మీద పదిసార్లు పడెయ్యి. ఒక మూల మీద, ఆ మూలకి కలిసే మూడు అంచుల మీద, తర్వాత ఆరు ముఖాల మీద. విప్పి చూస్తే లోపల ప్యాకెట్లు చిరగకూడదు. టేపు నడిమధ్య ఒక్క గీతగా కాకుండా రెండు పక్క అంచులకి కూడా వేయించు.

ఇళ్ళకి కొరియర్లో పంపేవాటికి ఇంకో లెక్కుంది. పొడుగు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు, కొన్ని కంపెనీలు ఇంకా చిన్న అంకెతో. ఆ 40×30×30 కార్టన్‌కి ఆ లెక్క బరువు 7.2 కిలోలు. అందులో 4 కిలోల జీడిపప్పు గిఫ్ట్ ప్యాకులు పెట్టి పంపితే 7.2 కిలోలకి డబ్బు కడతావు. వాటికి చిన్న పెట్టె చేయించు.

చిన్న బండికి, అదే ఛోటా హాతీకి, ముప్పావు టన్ను మించి వెయ్యకు. నీ 12 కిలోల కార్టన్లయితే 60. ఇంకో పది పడతాయని డ్రైవరు అంటాడు, వినకు. బరువెక్కితే బ్రేకు సరిగ్గా పడదు. ఊళ్ళో తిప్పేటప్పుడు చివర దించేది ముందెక్కాలి. గాజువాక నుంచి ఎన్ఏడీ జంక్షన్, మద్దిలపాలెం, మధురవాడ మీదుగా భీమిలి వెళ్ళే బండిలో భీమిలి సరుకు లోపల, ఎన్ఏడీ సరుకు తలుపు దగ్గర. అరకు నుంచి దిగే బండిలో బస్తాల మధ్య ఖాళీ ఉండకూడదు, ఘాట్ మలుపుల్లో బరువు ఒక పక్కకి జరుగుతుంది. ఖాళీలో పాత గోనెలు కుక్కించి, పైన టార్పాలిన్, దాని మీద అడ్డంగా తాడు.

కాగితాల్లో బండిని ఆపేది ఈ-వే బిల్లు, అంటే జీఎస్టీ కింద సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసుకునే పత్రం. పన్నుతో కలిపి సరుకు విలువ 50,000 దాటితే తప్పనిసరి. 200 కిలోమీటర్లకి, అందులో భాగానికి కూడా, ఒక రోజు చొప్పున చెల్లుతుంది. విజయవాడకి సుమారు 350, అంటే 2 రోజులు. హైదరాబాద్ 600 దాటుతుంది కనక 4 రోజులు. దారిలో లారీ చెడి సరుకు ఇంకో లారీలోకి మారిస్తే కొత్త బండి నంబరు ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బిలో ఎక్కించాలి. ఎక్కువమంది పట్టుబడేది ఇక్కడే. గడువు అయిపోతుంటే పూర్తయ్యే వేళకి 8 గంటల ముందు నుంచి 8 గంటల తర్వాత వరకే పొడిగించడం కుదురుతుంది. ఆ వేళ ఫోన్లో అలారం పెట్టుకో.

లారీ రసీదు చేతికిచ్చినప్పుడు అక్కడే నిలబడి చదువు. ఎన్ని కార్టన్లు, ఎంత బరువు, ఎంత విలువ. విలువ రాయించకపోతే సరుకు పోయినప్పుడు చట్టం ప్రకారం ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళ బాధ్యత కిరాయికి పదిరెట్ల దాకానే. రెండు వేల కిరాయి కట్టి రెండు లక్షల సరుకు పంపితే వచ్చేది ఇరవై వేలు. నష్టం జరిగితే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అవతల దించుకునే షాపువాళ్ళకి ముందే ఫోన్ చేసి నేర్పు: సంతకం పెట్టే ముందు లెక్కపెట్టాలి, తడిసినా చిరిగినా తగ్గినా రసీదు మీదే "2 కార్టన్లు తడి, 1 తక్కువ" అని రాసి, ఫోటో తీసి, అప్పుడు సంతకం. ఏమీ రాయకుండా సంతకం పెట్టేస్తే తర్వాత నీ మాట ఎవరూ వినరు.

ఇన్సూరెన్సు రెండు విడివిడిగా తీసుకో. దారిలో సరుకుకి ట్రాన్సిట్ పాలసీ ఒకటి, షెడ్డులో స్టాకుకి అగ్ని పాలసీ ఇంకొకటి. రెండోదాన్లో తుఫాను, వరద కవరు ఉందో లేదో కాగితం మీద వేలుపెట్టి చూపించమను. విలువ తక్కువ చేసి రాయించకు. షెడ్డులో 40 లక్షల సరుకుండి 20 లక్షలకే పాలసీ ఉంటే, 10 లక్షల నష్టానికి 5 లక్షలే ఇస్తారు. దసరా, దీపావళి స్టాకు పెరిగే నెలలూ తుఫాను నెలలూ ఒకటే కనక సెప్టెంబరులోనే పాలసీ మొత్తం పెంచుకో.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నాడు ఊళ్ళో రేకుల షెడ్లు ఎలా లేచిపోయాయో నీకు గుర్తుండే ఉంటుంది. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు చెయ్యాల్సిన పని ఇది. షట్టర్ దగ్గర పేలెట్లు వెనక్కి జరిపించు. షెడ్డు లోపలే ప్రతి వరస మీదా టార్పాలిన్ కప్పి తాడుతో కట్టించు. అడుగు పేలెట్ కింద ఇంకో పేలెట్ వేయించు. ప్రతి వరస ముందూ నిలబడి ఫోటోలు తీసి మీ అక్కయ్యకి పంపించు, రిజిస్టర్ ఇంటికి తీసుకుపో. మెయిన్ స్విచ్ ఆపి వాచ్‌మన్‌ని వాళ్ళ ఇంటికి పంపెయ్యి. షెడ్డు దగ్గర ఆ రాత్రి ఎవరూ ఉండకూడదు.

శనివారం ఆ గాజువాక షెడ్డు చూస్తానన్నావు కదా. సుద్దముక్క, కొలిచే టేపు, టార్చి పట్టుకెళ్ళు. అడ్వాన్సు సోమవారం తర్వాతే.

ఇట్లు
మీ మావయ్య