తాతగారి ఫోటోలోని రైఫిల్‌ను బట్టి ఆయన సైనిక జీవితం గురించి ఏమి తెలుసుకోవచ్చు?

మీ తాతగారు 1940 ప్రాంతంలో తీయించుకున్న ఫోటోలో చేతిలో ఉన్న రైఫిల్ ఏది, దాన్ని బట్టి ఆయన ఏ దళంలో, ఏ యుద్ధరంగంలో పనిచేశారో చెప్పవచ్చునా, ట్రంకుపెట్టెలో దొరికిన ఇత్తడి తూటాను ఏమి చేయాలి అని మీరు అడిగారు. రైఫిల్ ఏదో చాలావరకు చెప్పవచ్చు. దళం సంగతి మాత్రం రైఫిల్ చెప్పదు, దానికి ఫోటోలోనే వేరే చోట చూడాలి. మాది కోనసీమ. మా చిన్నతాతగారు మద్రాసు సాపర్లలో, అంటే సైన్యపు ఇంజనీరింగ్ దళంలో, చేరి ఉత్తర ఆఫ్రికాలోనూ ఇటలీలోనూ పనిచేసి వచ్చారు. నేను కాలేజీలో ఎన్‌సీసీలో ఉండగా అదే రకం రైఫిల్‌తో పరేడ్ చేశాను కనుక దాని బరువు, కొలతలు నాకు చేతికి తెలిసినవే.

ఆ కాలపు భారత సిపాయి చేతిలో ఉన్నది అత్యధికంగా మనవాళ్లు త్రీనాట్‌త్రీ అని పిలిచే లీ ఎన్‌ఫీల్డ్. అందులోనూ 1907లో వచ్చిన మార్క్ 3, లేదా యుద్ధకాలంలో త్వరగా తయారుచేయడానికి వీలుగా దాన్ని సరళం చేసిన రూపం. బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో ఇవి లక్షల్లో తయారయ్యాయి. ఫోటోలో మొదట గొట్టం చివర చూడండి. ఈ రకంలో గొట్టం బయటికి పొడుచుకుని రాదు, ముందు భాగాన్నంతా ఒక మొద్దు లోహపు తొడుగు కప్పేస్తుంది, దాని మీద గురిపుల్లకు రెండు పక్కలా పిల్లి చెవుల్లా రెండు రెక్కలు నిలబడి ఉంటాయి. గొట్టం చివర రెండు మూడు అంగుళాలు బయటికి కనిపిస్తే అది తరువాత వచ్చిన నంబర్ 4 రకం. బ్రిటిష్ సేనల చేతికి అది 1940 దశకంలో వచ్చినా, భారత సైన్యం చాలావరకు పాతదానితోనే యుద్ధం నడిపింది. బాయ్‌నెట్ (గొట్టం చివర బిగించే కత్తి) తగిలించి ఉంటే మీ పని ఇంకా సులువవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బాయ్‌నెట్ అలుగు 17 అంగుళాలు, రెండో యుద్ధకాలంలో భారతదేశంలో చేసినవాటిని సుమారు 12 అంగుళాలకు కుదించారు. మూడున్నర అడుగులకు పైబడిన రైఫిల్ పక్కన ఈ తేడా కంటికి ఇట్టే తెలుస్తుంది. ముందు భాగపు కర్ర మీద రాగి తీగ దగ్గర దగ్గరగా చుట్టి ఉంటే, అది చేతిబాంబులు విసరడానికి కేటాయించిన రైఫిల్ అని అర్థం. పేలుడు ఒత్తిడికి కర్ర చీలిపోకుండా అలా చుట్టేవారు.

ఫోటో ఎక్కడ తీశారన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. సెలవు మీద ఇంటికి వచ్చే జవాను రైఫిల్‌ను వెంట తెచ్చుకోడు. అది కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, లెక్క చెప్పి అప్పగించి రావలసిందే. కనుక వెనుక పూలకుండీ, రంగుల తెర ఉన్న రాజమండ్రి స్టూడియో ఫోటోలో రైఫిల్ కనిపిస్తే, అది స్టూడియోవారి కర్ర బొమ్మ కూడా కావచ్చు. శిక్షణ కేంద్రం దగ్గర తీసిన ఫోటో అయితే నిజమైనదే అయ్యే అవకాశం ఎక్కువ.

ఇక దళం విషయం. ఉభయ గోదావరి ప్రాంతం నుంచి సైన్యంలోకి వెళ్లడం కొత్త కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి మిలటరీ మాధవరమన్న పేరు ఊరికే రాలేదు. అయితే కొన్ని వర్గాలే పోరాటానికి తగినవారని నమ్మి, వారిని ‘యుద్ధజాతులు’ అంటూ పంజాబు వైపు మొగ్గిన బ్రిటిష్ పాలకులు రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో మద్రాసు పదాతి పటాలాలను రద్దుచేశారు. రెండో యుద్ధంలో మనుషుల అవసరం పడ్డాక, 1940 దశకం మొదట్లో గాని మద్రాసు రెజిమెంట్‌ను తిరిగి నిలబెట్టలేదు. అంచేత ఆ యుద్ధానికి వెళ్లిన మన తెలుగువారిలో చాలామంది సాపర్లలోనో, రోడ్లు వేయడం లాంటి శ్రమ పనులు చేసే పయనీర్లలోనో, సరఫరాలు చూసే సర్వీస్ కోర్‌లోనో, వైద్య దళంలోనో పనిచేసి ఉంటారు. వారందరికీ ఇచ్చిన రైఫిల్ మాత్రం ఒక్కటే. ఫోటోలో ఆయుధం పట్టుకున్నంత మాత్రాన కాల్పుల్లో ముందు వరుసలో ఉన్నారని అనుకోవడమూ, సాపర్ అన్నంత మాత్రాన వెనుక ఉన్నారనుకోవడమూ రెండూ పొరపాటే అని నా ఉద్దేశం.

మా చిన్నతాతగారిని రైఫిల్ గురించి అడిగితే “ఒరే అబ్బాయ్, దాన్ని మోసింది ఎక్కువ, పేల్చింది తక్కువ” అనేవారు. దాని బాయ్‌నెట్‌ను మాత్రం ఆయన మందుపాతరలు వెతకడానికి వాడారు. బోర్లా పడుకుని అలుగును ఏటవాలుగా మట్టిలోకి మెల్లగా దించుతూ, గట్టిగా తగిలితే ఆగి, చేత్తో చుట్టూ మట్టి తొలగించేవారట. నిలువుగా పొడిస్తే పాతర మీది ఒత్తిడి పలక నొక్కుకుపోతుంది కాబట్టి ఆ ఏటవాలు మీదే ప్రాణం ఆధారపడి ఉండేదని చెప్పేవారు. అదే మద్రాసు సాపర్లకు చెందిన సుబేదార్ సుబ్రమణియన్ 1944 ఫిబ్రవరి 24న ఇటలీలోని మిన్యానో దగ్గర, పేలబోతున్న పాతర మీద తానే పడి తోటివారిని కాపాడి ప్రాణం విడిచారు. ఆయనకు మరణానంతరం బ్రిటిష్ ప్రభుత్వపు సాహస పతకం జార్జ్ క్రాస్ ఇచ్చారు.

రైఫిల్ శుభ్రం చేయడం గురించి మాత్రం చిన్నతాతగారు ఎంతసేపైనా చెప్పేవారు. భుజానికి ఆనించే వెనుక చివర ఉన్న ఇత్తడి పలకలో చిన్న తలుపు ఉంటుంది, దాని లోపల నూనె సీసా, ఒక చివర బరువు కట్టిన తాడు ఉంటాయి. ఆ తాడును పుల్‌త్రూ అనీ, దానికి తగిలించి గొట్టంలోనుంచి లాగే గుడ్డపీలికను చిందీ అనీ అనేవారు. అప్పటి తూటాల అడుగున ఉండే రంజకం కాలాక గొట్టంలో ఉప్పులాంటి పదార్థం మిగిలి, అది తేమను పీల్చి తుప్పు పట్టించేది. దాన్ని నూనె కరిగించలేదు, నీరే కరిగిస్తుంది. అందుకే కాల్పులు ముగియగానే ముందు మరిగే నీరు పోసి కడిగి, ఆరాక చిందీ లాగి, ఆ తరువాతే నూనె పట్టించేవారు. (ఊళ్లో ఆయన బోరింగు పంపు రాడ్డును కూడా ఇదే వరసలో తుడిచేవారు, మాకది వింతగా ఉండేది.) ఎన్‌సీసీలో మాకిచ్చినవి పేల్చడానికి వీల్లేని డ్రిల్లు రైఫిళ్లే అయినా బరువు సుమారు నాలుగు కిలోలు. ఎండలో దాన్ని భుజాన పెట్టుకుని కాసేపు నిలబడితే భుజం పట్టేసేది. తూటాను గొట్టంలోకి నెట్టే, సుత్తిపిడి అంత బలంగా ఉండే ఆ బోల్టు ఎత్తి, వెనక్కి లాగి, ముందుకు నెట్టి, దించడం అలవాటైతే నిమిషానికి 15 గురిచూసిన తూటాలు పేల్చడం పాత సైనికులకు సాధ్యమేనని నమ్మకం కుదిరింది. అయిదేసి తూటాలున్న రెండు క్లిప్పులతో పది తూటాల మ్యాగజైను నిండేది.

తూటా విషయంలో జాగ్రత్తగా ఉండండి. ముందు భాగంలో గుండు లేకుండా, అడుగున మధ్యలో సొట్ట ఉంటే అది పేలిన ఖాళీ గొట్టం. గుండు ఉంటే, సొట్ట ఉన్నా లేకపోయినా, దాన్ని ప్రాణమున్న తూటాగానే చూడండి. ఎనభై ఏళ్లు గడిచాయనీ, మన తడి గాలికి చిలుము పట్టిందనీ పనికిరాదనుకోకండి. గీకకండి, వేడి తగలనివ్వకండి, విప్పే ప్రయత్నం చేయకండి. లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకోవడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం కనుక ఫోన్ చేసి చెప్పి పోలీసు స్టేషన్లో అప్పగించండి. ఇచ్చేముందు అడుగున ఉన్న అక్షరాలను ఫోటో తీసుకోండి, తయారైన కర్మాగారం, సంవత్సరం సాధారణంగా అక్కడే ముద్రించి ఉంటాయి.

దళం తెలియాలంటే భుజం మీది ఇత్తడి అక్షరాలు, టోపీ బిళ్ల చూడాలి. అంతకన్నా ముఖ్యం ఆర్మీ నంబరు. డిశ్చార్జి పుస్తకంలో, పింఛను కాగితంలో, పతకం అంచు మీద దానికోసం వెతకండి. కోనసీమలో 1996 తుఫానుకు మావి కొన్ని కాగితాలు తడిసి పోయాయి గాని పతకాల అంచున ఉన్న నంబరు మిగిలింది. అది దొరికితే సాపర్లయితే బెంగళూరు, మద్రాసు రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్ కేంద్రాలకు రాయవచ్చు. ఏదీ తేలకపోతే ముందు మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. గొట్టం చివర, భుజం, టోపీ ఈ మూడింటినీ దగ్గరగా స్కాన్ చేసి ఇక్కడ పెడితే నాకు తెలిసినంతవరకు చూసి చెబుతాను.