ప్లైవుడ్ డ్యాష్‌బోర్డు ఉబ్బిపోతోందా? ఇలా చేసి చూడండి

బోటుకు మీరు చేసుకున్న ప్లైవుడ్ డ్యాష్‌బోర్డు ప్యానెల్ ఉబ్బి, స్విచ్‌లు వదులయ్యాయన్నారు. నీళ్లు పైనుంచి కాదండి, గేజ్‌ల (వేగం, ఇంధనం లాంటివి చూపే మీటర్ల) కోసం కోసిన రంధ్రాల అంచుల్లోంచి దిగి ఉంటాయి. మళ్లీ చెక్కే కావాలంటే మెరైన్ ప్లై (నీటిని తట్టుకునే జిగురుతో చేసిన ప్లైవుడ్) తీసుకుని, రంధ్రాలన్నీ కోశాక ఆ అంచులకు రెండు మూడు పూతలు ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపి పూస్తే గట్టిపడే రెసిన్) పట్టించండి. ఎపాక్సీ ఎండకు పాడవుతుంది కాబట్టి పైన యూవీ వార్నిష్ తప్పదు. ఇంత చాకిరీ ఎందుకనుకుంటే హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ షీటు వేసేయండి, నా ఓటు దానికే. కాకపోతే దానికి జిగురూ రంగూ సరిగా అంటవు. వేడికి సాగుతుంది కూడా, అందుకే స్క్రూ రంధ్రాలు కాస్త వదులుగా వేయాలి.

కోసేముందు అట్టముక్క మీద అమరిక గీసి, వెనక స్టీరింగ్ కేబుల్ ఎక్కడ అడ్డొస్తుందో చూసుకోండి. చాలామంది ముందువైపే చూసి కోసేస్తారు! దిక్సూచి పెడితే స్పీకర్‌కు దూరంగా ఉంచండి, అందులోని అయస్కాంతం ముల్లును పక్కకు లాగుతుంది. వైర్లు తగరం పూత ఉన్న రాగివే వాడండి, ప్రతి సర్క్యూట్‌కూ విడిగా ఫ్యూజు పెట్టండి.